పప్పు ఉడికిన నీళ్ళు

మా ఇంట్లో ఆడపిల్లకు సంబంధం చూడడానికి వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు ఆ ఊరి నీళ్ళు ఒక సీసాడు తెచ్చేవాళ్ళు. అబ్బాయి ఉద్యోగం, పొలం, ఇల్లు అన్నీ తర్వాత. ముందు ఆ నీళ్ళు పోసి పిడికెడు కందిపప్పు పొయ్యి మీద పెట్టేవాళ్ళు. పప్పు మెత్తగా ఉడికితే మంచినీళ్ళ ఊరు, పిల్లను ఇవ్వొచ్చు. గింజ గింజగా మిగిలిపోతే ఇంకో సంబంధం చూసుకోవాలి. నన్నూ అలాగే ఇచ్చారు. మా ఆయన బస్సు కండక్టరు. ఆయన కంటే ముందు వాళ్ళ ఊరి నీళ్ళే మా వాళ్ళకు నచ్చాయని ఎవరైనా అంటే ఆయనకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కాబట్టి ఆత్మకూరులో ఇల్లు కొందామనుకున్నప్పుడు నేను ఖాళీ సీసాలు వెంట తీసుకెళ్ళానంటే అందులో వింతేమీ లేదు. అప్పటికి మేము ఉదయగిరిలో అద్దెకుంటున్నాం. నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. పొద్దున్నే బస్సెక్కి, సాయంత్రం చీకటిపడే వేళకు ఇల్లు చేరేదాన్ని. పాపకు అప్పుడు మూడున్నరేళ్ళు. మా ఆయనకు కూడా ఆత్మకూరుకు బదిలీ అయ్యేసరికి ఇక అద్దె ఇల్లు వెతకడం ఎందుకు, ఆ కట్టేదేదో బ్యాంకుకే కడదామని ఇద్దరం తెగించాం. కొత్త ఫ్లాట్ల ధర అడిగి గమ్మున బయటికి వచ్చేశాం. మాకు అందేది పాతవే.

నాకు నీళ్ళంటే ఎందుకంత భయమో చెప్పాలి. నేను పుట్టింది ఉదయగిరి దగ్గర ఒక మెట్ట పల్లె. నా ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే ఒకమ్మాయి నన్ను పక్కకు పిలిచి, పొగాకు నములుతావా అని అడిగింది. ఆ రోజు నుంచి నవ్వొస్తే చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వస్తుంది. పెళ్ళి ఫొటోల్లో ఒక్కదాంట్లో కూడా నా పళ్ళు కనిపించవు. అసలు పళ్ళు చిగుళ్ళ లోపల తయారయ్యేది చిన్న వయసులోనేనని, అప్పుడు తాగిన నీళ్ళే తర్వాత బయటపడతాయని పంటి డాక్టరు చెప్పినప్పటి నుంచి పాప నోరు తెరిస్తే నాకు గుండె దడ. తాగడానికి క్యాన్ నీళ్ళు కొంటాం, సరే. మరి అన్నం, పప్పు, చారు, టీ? అవన్నీ కుళాయి నీళ్ళతోనే కదా. ఇల్లు ఎంత ఇరుకైనా సర్దుకుంటాను, నీళ్ళు మాత్రం మంచివి కావాలి.

ఎనిమిది ఫ్లాట్లు చూసి చివరికి రెండింటి దగ్గర ఆగాం. మొదటిది బస్టాండు వెనక వీధిలో, రెండో అంతస్తు. అందులో ఒక పెద్దామె ఒంటరిగా ఉండేది. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైందట. నెల్లూరులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోవాలని అమ్ముతోంది. నేను పెద్దమ్మా అనే పిలిచాను. గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు. వంటింటి అరుగు నా ఎత్తుకు సరిగ్గా సరిపోయింది. రెండోది ఊరి చివర, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మేది ఒక కిరాణా కొట్టాయన. బాత్రూమ్ గోడ చెమ్మ పట్టి ఉబ్బింది, కుళాయిలన్నిటికీ తెల్లటి పొక్కులు కట్టి ఉన్నాయి. ధర మాత్రం మొదటిదానికంటే ఎక్కువ. అదేందన్నా అని మా ఆయన అడిగితే, కొట్టాయన లెక్కల పుస్తకంలోంచి తల కూడా ఎత్తకుండా, "ఇష్టమైతే తీసుకోండి, నాకేం తొందర లేదు" అన్నాడు. ఆయన మీద నాకు అక్కడే కోపమొచ్చింది.

మా నాయన కూడా చూడడానికి వచ్చాడు. సేద్యం తప్ప ఇంకోటి తెలియని మనిషి. రెండు ఫ్లాట్లూ పైపైన చూసి, మెట్లు దిగి, కింద పార్కింగులో నిలబడ్డాడు.

"ఇందులో మన నేల యాడ ఉండాది?" అన్నాడు.

"విడిగా ఉండదు నాయనా, అందరికీ కలిపి ఉంటాది. మనకు నాలుగంకణాల వాటా."

"ఆ నాలుగంకణాలు ఏవో చూపించమను. గట్టు లేదు, రాయి లేదు. రేపు ఎవుడైనా బండి పెట్టేస్తే యాడికని పోతావు?"

నేను నవ్వేసి ఊరుకున్నాను. కానీ ఆ రోజంతా ఆయన ప్రశ్న నన్ను వదల్లేదు. ఇరవై ఏళ్ళపాటు కట్టబోయే అప్పుకు చూపించడానికి నా దగ్గర ఒక గట్టు కూడా లేదు.

రెండు ఇళ్ళ వంటింటి కుళాయిల్లోనూ పట్టిన బోరు నీళ్ళను రెండు కూల్‌డ్రింకు సీసాల్లో ఉదయగిరికి తీసుకెళ్ళాను. గుర్తు కోసం పెద్దమ్మ ఇంటి సీసాకు నా బొట్టుబిళ్ళ అంటించాను. పల్లె నుంచి వచ్చిన మా అమ్మ రెండు గిన్నెల్లో ఒకే కొలత పప్పు, ఒకే కొలత నీళ్ళు పోసి, రెండు పొయ్యిలూ ఒకేసారి వెలిగించింది. కుక్కర్ వద్దంది, కుక్కర్‌లో రాయి కూడా ఉడుకుతుందట. మా ఆయన ఫోనులో టైము చూస్తూ కూర్చున్నాడు. అరగంట దాటేసరికి బొట్టుబిళ్ళ నీళ్ళ పప్పు గరిటె తగిలితే చాలు మెదిగిపోతోంది. కొట్టాయన నీళ్ళ పప్పు గంటైనా అలాగే ఉంది.

"ఇంకేం చూసేది! మన బాయి నీళ్ళ మాదిరే ఉండాయి. కళ్ళు మూసుకోని కొనేయండి" అంది అమ్మ.

నా ప్రాణం లేచొచ్చింది. తక్కువ ధర ఇల్లే మంచినీళ్ళ ఇల్లు కావడం నా అదృష్టమే అనుకున్నాను. మరుసటి గురువారం మంచిదని పెద్దమ్మకు తాంబూలంతో పాటు బయానా ఇచ్చేశాం. మేము వెనక్కి తగ్గితే అది తిరిగి రాదని కాగితం మీద రాసుకున్నాం. అందరూ అలాగే రాసుకుంటారట. ఆ బయానాలో సగం నా నల్లపూసల గొలుసు తాకట్టు పెట్టగా వచ్చింది.

అక్కడితో ఊరుకోకుండా స్టాఫ్‌రూమ్‌లో గొప్పగా చెప్పుకున్నాను. సైన్సు మాస్టారు టిఫిన్ డబ్బా మూత పెట్టి, "ఏంది మేడమ్, లెక్కల టీచరయ్యుండి పప్పుతో ఇల్లు కొంటా ఉండారా?" అని నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. ఇంట్లో ఇంకా కొన్ని నీళ్ళు మిగిలున్నాయి. మర్నాడు రెండు సీసాలూ తెచ్చి ఆయన బల్ల మీద ఠక్కున పెట్టాను. "మీకు తెలిసిన ల్యాబులో ఇచ్చి చూడండి సార్, మా అమ్మ పప్పు ఏం తక్కువ చెప్పిందో" అన్నాను. నిజం తెలుసుకోవాలని కాదు, ఆయన నోరు మూయించాలని.

పది రోజుల తర్వాత ఆయన రెండు కాగితాలు తెచ్చాడు. ఈసారి నవ్వలేదు. కొట్టాయన నీళ్ళలో సున్నం ఎక్కువ, కానీ ఫ్లోరైడు హద్దులోనే ఉంది. పెద్దమ్మ నీళ్ళలో ఫ్లోరైడు హద్దు దాటిపోయింది.

"పప్పు బాగా ఉడికింది సార్" అన్నాను. తెలివితక్కువ మాటే, కానీ నోట్లోంచి అదే వచ్చింది.

"ఉడుకుద్ది మేడమ్. సున్నం లేని నీళ్ళు మెత్తగా ఉంటాయి, పప్పు ఇట్టే ఉడుకుద్ది. మన మెట్టల్లో ఫ్లోరైడు ఎక్కువ దిగేది అట్టాంటి నీళ్ళలోనే. మీ పరీక్ష పప్పుకి సరిపోయింది, పళ్ళకి కాదు."

నేను ఆ పూట పాఠం చెప్పలేకపోయాను. పిల్లలకు లెక్కలిచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. మా ఊళ్ళో పప్పు ఎప్పుడూ వెన్నలా ఉడికేది. మా బావి నీళ్ళ గురించి అమ్మ చుట్టాలందరికీ గొప్పలు చెప్పేది. మా పళ్ళు పాడు చేసింది వీధి పంపు అనుకున్నాం. ఫ్లోరైడు ఉందని గవర్నమెంటు వాళ్ళు దానికి ఎర్రరంగు కూడా వేసి పోయారు. పప్పు బాగా ఉడుకుతుందని ఇంట్లో అందరం ఆ బావి నీళ్ళే తాగాం. లెక్కలు చెప్పి బతికేదాన్ని, ఆ పప్పునూ ఈ పళ్ళనూ ఒక్కసారైనా పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం బస్సెక్కకుండా నేరుగా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. దారంతా లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. బయానా పోతే గొలుసు పోయినట్టే. అది పోతే రెండో ఇల్లు కొనే దారి లేదు. బయానా కోసం ఈ ఇల్లే కొంటే పాప పళ్ళు. మా ఆయన ఫోనులో, "ఏదో ఒకటి చెప్పు, వాస్తు కుదరలేదని చెప్పు" అన్నాడు. అబద్ధం చెప్పడానికే వెళ్ళాను. తీరా ఆమె మంచినీళ్ళు కావాలా అని అడిగేసరికి ఏడుపొచ్చి కాగితం తీసి చేతిలో పెట్టేశాను.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివింది. నర్సుగా చేసిన మనిషి, అంకెలు నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

"పదకొండేళ్ళు ఈ నీళ్ళే తాగినా. మోకాళ్ళ నొప్పులు వయసుకొచ్చినయ్యిలే అనుకుంటా ఉండా" అంది. తర్వాత నా వైపు చూసింది. "బిడ్డ ఉండాదన్నావు గదా. దుడ్లు ఎల్లుండి వచ్చి తీసుకో."

నేను ఆమె చేతులు పట్టుకున్నాను. ఆమె విడిపించుకుని, "ఒక్కటి. ఈ సంగతి ఊళ్ళో యాడా అనబాక. కొనేవాళ్ళకి ఏం చెప్పాల్నో నేను చూసుకుంటా" అంది.

"చెప్పను పెద్దమ్మా" అన్నాను వెంటనే. ఆమె దాన్ని దాచిపెట్టి ఎవరికో అంటగడుతుందని నాకు అప్పుడే అనిపించింది. అనిపించినా సరేనన్నాను. నా డబ్బు నాకొస్తే చాలనుకున్నాను.

డబ్బొచ్చింది. కొట్టాయన ఒక్క రూపాయి తగ్గించలేదు. గొలుసు విడిపించలేదు, మా ఆయన చీటీ కూడా ముందే పాడేసుకున్నాడు. అలా మూడో అంతస్తు మాదైంది. ఇప్పుడు పప్పు కుక్కర్‌లో ఆరు విజిల్స్ రానిదే ఉడకదు. జుట్టు దువ్వెనకు చుట్టలు చుట్టలుగా వస్తుంది. మా అమ్మ వచ్చినప్పుడల్లా గిన్నెలకు పట్టిన తెల్లటి పొర చూసి, కాగితాల్ని నమ్మి మంచి ఇల్లు పోగొట్టుకున్నామని సణుగుతుంది. అవన్నీ నాకు లెక్కలేదు.

నాకు నిద్ర పట్టకుండా చేసింది వేరు. ఆ సంవత్సరం బడులు తెరిచాక మా స్కూల్లో ఎల్‌కేజీలో సీతారామపురం వైపు నుంచి వచ్చిన ఒక పిల్లవాడు చేరాడు. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు, అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఇల్లు ఎక్కడని అడిగితే బస్టాండు వెనక వీధి, రెండో అంతస్తు అంది. పెద్దమ్మ ఇల్లే.

మా పాపను కూడా అదే క్లాసులో చేర్చాను, వాడు దాని పక్కనే కూర్చునేవాడు. వాడు నోరంతా తెరిచి నవ్వే పిల్లవాడు. వాడు నవ్వినప్పుడల్లా నా కళ్ళు వాడి పళ్ళ మీదికే పోయేవి. ఈ రోజు చెబుదాం అనుకుని గేటు దాకా వెళ్ళేదాన్ని. మాటిచ్చాను కదా అని వెనక్కి వచ్చేదాన్ని. మాట అనేది ఒక సాకు, నాకు తెలుసు. చెబితే, తెలిసి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటుంది. ఆలస్యమైన కొద్దీ ఆ ప్రశ్న బరువెక్కింది. ఎండాకాలం సెలవులొచ్చాయి, పోయాయి. వాడు యూకేజీకి వచ్చాడు.

మొన్న ఒక సాయంత్రం మా పాప కిందిపన్ను మొదటిసారి ఊడింది. దాన్ని కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. ఆ పొట్లం పట్టుకునే గేటు దగ్గరికి వెళ్ళి, స్కూటీ మీదున్న వాళ్ళమ్మను ఆపాను. మీ ఇంటి నీళ్ళలో ఫ్లోరైడు ఉంది, వంటకు కూడా వాడొద్దు, నాకు ముందే తెలుసు, నేను చెప్పలేదు అని గబగబా అనేశాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. "తెలుసు మేడమ్. ఆ పెద్దమ్మ బయానాకి ముందే చెప్పినాది. అందుకే అంత తగ్గించి ఇచ్చింది, లేకపోతే మాకాడ ఇల్లు కొనేంత యాడుంది? వంటక్కూడా క్యాన్ నీళ్ళే వాడతా ఉండాం."

నేను హమ్మయ్య అనుకునే లోపే ఆమె మళ్ళీ అంది. "ముందు మీరే కొనాల్సిందని, బిడ్డ కోసరం వదిలేసినారని కూడా చెప్పినాది. టీచరమ్మ గదా, మా వాణ్ణి రోజూ చూస్తా ఉంటారు గదా, ఒకరోజు కాకపోతే ఒకరోజు చెబుతారులే అనుకున్నా. సంవత్సరం పైనే అయింది మేడమ్."

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి చెప్పుకుని ఉండేదాన్ని. పిల్లవాణ్ణి స్కూటీ ముందు నిలబెట్టుకుని, "మేడమ్‌కి బై చెప్పు" అంది. వాడు చెప్పాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.