మా మేనత్త ఊళ్ళు

మా మేనత్త ఎడమ అరికాల్లో నల్లటి మచ్చ ఒకటి ఉండేది. అరికాల్లో మచ్చ ఉన్నవాళ్ళు ఇంటిపట్టున ఉండరని మా వైపు గట్టి నమ్మకం. ఆవిడ విషయంలో అది నిజమే కూడా. తెల్లవారగానే సముద్రపొడ్డున చేపలు కొని, గంప ఆటోలో వేసుకుని, కోటబొమ్మాళి దగ్గర దిగి ఊరూరా తిరిగి అమ్మేది. ఇంటికి చుట్టాలొస్తే కాలు చాపి ఆ మచ్చ గర్వంగా చూపించేది.

వేసవి సెలవుల్లో నన్నూ వెంటేసుకెళ్ళేది. ఒక ఇంట్లో మజ్జిగ, ఇంకో ఇంట్లో తాటిముంజెలు, ప్రతి ఇంట్లోనూ కబుర్లు. ఈ ఊళ్ళో ఎవరికి సంబంధం కుదిరిందో పక్క ఊరికి మోసుకెళ్ళేది ఆవిడే. చేపలమ్ముతోందా, కబుర్లమ్ముతోందా అని మా నాన్న ఆటపట్టించేవాడు. గంప ఖాళీ అయినా ఆవిడకు ఇంటి ధ్యాస ఉండేది కాదు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు నెత్తళ్ళ చేపల వాసనే ముందొస్తుంది.

మా చేపలమ్మే ఆడవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరి ఊళ్ళోకి మరొకరు గంపతో అడుగుపెట్టరు. కాగితాల్లేవు, తీర్పు చెప్పే పెద్దమనుషుల్లేరు. అయినా ఎవరి ఊళ్ళు వాళ్ళవే. మనిషి మంచాన పడితే ఆ ఊళ్ళు ఆమె కోసం ఎదురుచూడాల్సిందే, ఆమె నోటితో వదిలేస్తే తప్ప.

ఆ మచ్చ పెద్దదవుతున్నా ఎవరం పట్టించుకోలేదు. "పెరగనీవే, ఇంకా దూరం తిరుగుతాను" అని నవ్వేది. అది పగిలి రక్తం కారినప్పుడు గవ్వ గుచ్చుకుందనుకుంది. చివరికి విశాఖపట్నం తీసుకెళ్తే క్యాన్సరన్నారు. మచ్చ ఉన్న చోటు కోసి తీసేశారు. "మచ్చ తీసీసేరు, మరి నా తిరుగుడు ఏటైపోతాదో" అన్నదొక్కటే ఆవిడ దిగులు. గాయం మానింది. మళ్ళీ గంపెత్తింది. మేమంతా గండం గడిచిందనుకున్నాం.

మరుసటి ఏడు నడుం నొప్పి మొదలైంది. చేపల బరువు మోసి మోసి వచ్చిందనుకున్నాం. తర్వాత చిగుళ్ళలోంచి రక్తం, ఒంటిమీద కమిలిన మచ్చలు, నాలుగడుగులకే ఆయాసం. ఎముక మూలుగ పరీక్ష చెయ్యాలన్నాడు డాక్టరు.

"మూలుగంటే ఏటి, మాంసంలో బొమిక పీల్సుకుంటాం, అదేనా?" అని అడిగింది.

అదేనన్నాను. "మరైతే నాదాంట్లో ఏటుంటాది, అంతా సేపల పులుసే" అంది. తుంటి ఎముకలో సూది దించుతుంటే మాత్రం నా చెయ్యి వదల్లేదు.

ఫలితం నాకూ నాన్నకూ విడిగా చెప్పారు. పాదంలోని జబ్బు మూలుగలోకి పాకింది, రక్తం తయారయ్యే చోటే అది కూర్చుంది. ఈ రకం క్యాన్సరే అరుదు, మూలుగ దాకా పోవడం మరీ అరుదన్నాడు డాక్టరు. నాకు ఒళ్ళు మండిపోయింది. అరుదైతే మాకేమైనా గొప్పా?

ఆవిడకి చెప్పలేదు. రక్తం తక్కువైంది, ఎక్కిస్తే లేచి తిరుగుతావన్నాం. నేను విజయనగరంలో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి ఆవిడ దగ్గరే ఉండిపోయాను. ఆవిడ ఫోను ఆ ఊళ్ళవాళ్ళ పిలుపులతో మోగుతూనే ఉండేది. "మీ అత్త ఎప్పుడొస్తాదమ్మా? సేప తిని ఎన్నాళ్ళయిందో." పెరట్లోకెళ్ళి, గొంతు తగ్గించి, వచ్చే నెలని చెప్పేదాన్ని. నెల మారినా అదే మాట. అక్కడ ఆ ఊళ్ళు చేపల్లేక ఎదురుచూస్తుంటే, ఇక్కడ ఆవిడ లేస్తాననే ఆశతో ఉందని నేననుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం మా వీధిలోనే చేపలమ్మే ఒకామె చూడ్డానికి వచ్చింది. వయసులో చిన్నది, పిల్లలు గలది. మేనత్త దిండు ఆనుకుని కూర్చుంది.

"రేపట్నుంచి నా ఊర్లు నువ్వెల్లు."

ఆమె కంగారుపడింది. "నువ్వు లేసేదాకా సూస్తానప్పా. తరవాత నీ ఊర్లు నీకే."

"వద్దు. ఉంచీసుకో."

మేనత్త తన పాటికి తను చెప్పుకుపోతోంది. ఏ ఇంట్లో తలకాయలు ఇష్టం, ఏ ఇంటికి శనివారం వెళ్ళకూడదు, ఏ కోడలికి కానాగంత చేపలు శుభ్రం చేసి మరీ ఇవ్వాలి.

"సివరింటి ముసిల్ది తెగ బేరమాడతాది. ఆడనియ్యి. పొద్దల్లా దాంతో మాటాడీవోలు నేరు."

వచ్చినామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. మేనత్త నావైపు తిరిగి, కోపం లేకుండా, అలసటగా అంది.

"ఊరుకోయే. ఇంక ఫోనొస్తే వచ్చే నెలని సెప్పకు. కొత్తామె వస్తాదని సెప్పు."