పరాయి మాటకో శెనక్కాయ

నా చిన్నప్పుడు ఓ ఎండాకాలం మధ్యాహ్నం మా చిన్నతాత నా ముందు పోసిన ఇరవై శెనక్కాయలు, చాలా ఏళ్ల తర్వాత కువైట్‌లో మా ఇంటి ఆడపిల్లను గడప దాటించాయి.

చిన్నతాత తెల్లవాళ్ల సైన్యంలో ఫోను మీద వార్తలు చేరవేసే పని చేసి వచ్చాడు. శిబిరంలో తెలుగు మాట్లాడితే శిక్ష వేసేవారట. తీరా యుద్ధంలో ఇంగ్లీషూ హిందీ శత్రువుకు తెలిసిపోతున్నాయని, శిక్ష వేసిన అధికారే తాతనూ ఇంకో కడపవాణ్నీ తీగకు చెరొకవైపు కూర్చోబెట్టి, మీ మాటే మాట్లాడండి అన్నాడట. ఇది చెప్పేటప్పుడు తాత ఒకచోట కూర్చోలేకపోయేవాడు. అది గౌరవమో అవమానమో ఆయనకు ఎప్పటికీ తేలలేదు.

ఆ రోజు నాకో ఆట పెట్టాడు. ఇంటి నుంచి బడికి దారి చెప్పాలి. పరాయి మాట దొర్లితే ఒక కాయ ఆయనది. రోడ్డు, గేటు, బస్సు, మిల్లు... బడి చేరేలోగా నా ముందు మూడు కాయలు మిగిలాయి. నా మొహం చూసి, "ఏడ్సొద్దులే. తీగ మీద చెవి పెట్టినోనికి ఒక్క మాట దొరికితే సాలు, మిగతాది వాడే అల్లుకుంటాడు" అన్నాడు.

1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేనాటికి నేను అమ్ఘరాలో ఇళ్ల సామాను అమ్మే యార్డులో స్టోర్ కీపర్ని. మా తమ్ముడి కూతురు సల్వాలో ఒక ఇంట్లో పనికి ఉండేది. ఇంటావిడ ఆమె పాస్‌పోర్టు ఆమె చేతికిచ్చి, కుటుంబంతో సరిహద్దు దాటి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో సైనికులు దిగారు. వంటకు మనిషి కావాలని పిల్లను బయటికి వదలడం లేదు. జహ్రా నుంచి దేశం దాటించే బస్సులో నేను ఇద్దరికి చోటు పట్టుకున్నాను. ఆ సంగతి ఆమెకు చెప్పాలి.

ఫోనులో అలవాటుకొద్దీ జవాజ్ తీసుకో అన్నాను. పాస్‌పోర్టును అక్కడ అందరం అలాగే అంటాం. అరబీ మాట కలవకుండా మాకు ఒక్క వాక్యం నడవదు. "జవాజా, పెదనాయనా?" అని ఆమె పైకి అనేసింది. పక్కన నిలబడ్డ సైనికుడికి ఆ ఒక్క మాట తెలిసిపోయింది, ఫోను లాక్కుని పెట్టేశాడు.

యార్డులో అటూ ఇటూ తిరిగాను. డైరీలో చెప్పాల్సింది రాసి, పరాయి మాటలు ఒక్కొక్కటే కొట్టేశాను. తాత చెయ్యి నా కాయల మీదికి వస్తున్నట్టే ఉంది. మర్నాడు మళ్లీ ఫోను చేశాను.

"తల్లీ, నేనన్నది పైకి అనొద్దు. ఊఁ కొట్టు. నీ బొమ్మ ఉండే పుస్తకం నడుముకు కట్టుకో. రేపు తెల్లారకముందే నీళ్ల బండి వస్తాది గదా, వెనక తలుపు కాడ ఉండు. తోలేటోడు మనోడే."

ఆమె ఊఁ కొట్టింది.

"పొయ్యి మీద ఎసరు పెట్టే వస్తా పెదనాయనా. లేకుంటే ఎతుకుతారు."

ఆమె మాటల్లోనూ పరాయిది ఒక్కటి లేదు. తెల్లవారి జహ్రాలో నీళ్ల బండి దిగినప్పుడు ఆమె చెయ్యి ఇంకా నడుము మీదే ఉంది.

తర్వాత మళ్లీ కువైట్ వెళ్లి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. ఇప్పటికీ ఫోను మోగితే పక్కన ఎవరున్నారో చూసి గానీ తీయను. రోజూ డైరీ చివర తాత కోసం ఒక్క వాక్యం, ఒక్క కాయ కూడా పోకుండా రాస్తాను. పై పేజీ అంతా యల్లా, ఖలాస్ లాంటి అరబీ మాటలే. రెండింటిలో ఏది నా మాటో తేలకుండానే పెన్ను మూసేస్తాను.