అత్త ఇచ్చిన అనుమతి

మొన్న తాండూరులో మా లంబాడాల భవనంలో తీజ్ పండుగకు వెళ్తే, మైకు పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన పట్నంలో ఈ పండుగను తామే మొదలుపెట్టామని చెప్పుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. తండాలు విడిచి బతుకుదెరువుకు ఇక్కడికొచ్చి, బండల పాలిష్ మిషన్ల దగ్గర వయసంతా కరగదీసుకున్న మా ఈడువాళ్లమైనా నిజం చెప్పుకోకపోతే ఎలా?

బషీరాబాద్ పక్క తండా నుంచి వచ్చిన కొత్తలో మాకు కిరాయికి గది దొరకడమే గగనమైపోయింది. దొరికిన చోట ఇంటామె మా భాష తన చెవిన పడకూడదందని నేను అద్దాల లంగా పెట్టెలో పెట్టి చీర కట్టాను, కూతురితో తెలుగే మాట్లాడాను, అదే తెలివి అనుకున్నాను కూడా. ఒకసారి తండా నుంచి మా అత్త వచ్చి, మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని మా భాష గోర్‌బోలిలో ఏదో అడిగితే, అది బిత్తరపోయి నా వంక చూసింది. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. సిగ్గుతో నేనూ తినలేదు.

ఆ శ్రావణంలో తీజ్ ఇక్కడే చేయాలని అత్త పట్టుబట్టింది. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాడే పండుగ అది. కానీ ముందుగా తండాకు పెద్ద అయిన నాయక్ దగ్గరికి వెళ్లి అనుమతి అడగాలి. పట్నంలో నాయక్ ఎక్కడున్నాడు? నాయక్ లేనిచోట తీజ్ కూడా లేదని మాలాగే వలస వచ్చిన మగవాళ్లు, మా ఆయనతో సహా, తేల్చేశారు. అత్త వింటేనా! ఆడవాళ్లమంతా పనికిరాని బండముక్కలు మోసుకొచ్చి మా గది ఎదుటి ఖాళీ జాగాలో అరుగు పేరిస్తే, అత్త మోచేతులు దాటేదాకా తెల్లగాజులు వేసుకుని వెళ్లి దాని మీద కూర్చుంది.

"నాయక్ తండల ఉన్నడు, పిల్లలు ఈడ ఉన్నరు. నన్నడుగుండ్రి బిడ్డా, నేనిస్త అనుమతి" అంది, ఇంటామెకు కూడా అర్థమయ్యేలా, గట్టిగా, తెలుగులోనే.

వరుసలో మొదట నిలబడ్డది నా కూతురే. పాటల్లో సగం మాటలు మింగేసింది, నీళ్లు ఎక్కువ పోసి ఒక బుట్ట కుళ్లబెట్టింది, కానీ తొమ్మిదో నాడు మొలకలను నీళ్లలో కలిపేటప్పుడు ఏడుస్తూ వచ్చి నన్ను వాటేసుకుని "యాడీ" అంది. మా మాటలో అమ్మ అని. అంతకాలం నేనేం పోగొట్టుకున్నానో అప్పుడు తెలిసింది. ఆ నెలలోనే ఇంటామె గది ఖాళీ చేయమంది. చేశాం, నేను లంగా కట్టుకుని మరీ సామాను మోశాను.

ఇప్పుడు భవనముంది, ఫ్యాన్లున్నాయి, మా మాట వద్దనేవాళ్లెవరూ లేరు. అయినా పిల్లలు ఫోనులో చూసి పాటలు పాడి, ఇంటికెళ్లి తెలుగులోనే అన్నం అడుగుతున్నారు. అప్పట్లో కొట్లాడటానికి ఎదుట ఒక మనిషైనా ఉండేది. ఇప్పుడు ఎవరి మీదికి వెళ్లాలో తెలియక నా ఇంట్లోనే మొదలుపెట్టాను: కూతురి కూతురు గోర్‌బోలిలో అడిగితేనే బదులిస్తున్నాను. నాలుగు రోజులుగా అది అలిగి మూతి ముడుచుకుంది. దాని కబుర్లు లేక ఇల్లు బోసిపోయింది, అయినా సరే, పలకను.