దీవెనమ్మ మేడం ఇచ్చిన తోడు

దీవెనమ్మ మేడం ఇక లేరు. ఆళ్ళగడ్డ దారిలోని మా కాగితపు కార్ఖానాలో తట్టల మీది గుడ్డలు ఎత్తి చూస్తున్నాం. తెల్లటి పొర నిండుగా పట్టింది. ఆ సంతోషం ఆమెకే చెప్పాలని ఫోను తీశాను. అంతలో అదే మోగింది. నంద్యాల నుంచి ఆమె చెల్లెలు. మాట అర్థమైనా మనసు ఒప్పుకోలేదు.

నంద్యాల కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం బోధించిన ఆమెను శిష్యులు ఎరుగుదురు. ఆమె చేసిన అసలు ఘనకార్యం తెలియనివారి కోసం ఇది రాస్తున్నాను.

మా తాతగారి కాలం నుంచి వరిగడ్డితో కాగితం చేసిన వంశం మాది. వెలుతురుకు పట్టుకుంటే మా ఇంటిపేరు కనబడే కాగితం. పొలాలు పోయాయి, మేడ పోయింది, కార్ఖానా ఒక్కటే మిగిలింది. మడిస్తే విరుగుతోందని ఆ కాగితాన్నీ కొనడం మానేశారు. స్థలాన్ని ప్లాట్లు వేస్తామని ఒక బేరగాడు గేటు చుట్టూ తిరుగుతున్న రోజుల్లో, మా కాగితం సంగతి ఎవరో చెప్పగా విని మేడం వచ్చారు. నేనిచ్చిన కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, పర్రున చించేశారు. మా కాగితాన్ని మా ఎదుటే చించినవారు అంతకుముందు లేరు.

"నీ పేరు గట్టిగుందప్పా. కాగితమే గట్టిగ ల్యా" అన్నారు.

సంచిలోంచి ఎండిన పలుచని పొర తీసి, "ఇది చించు" అన్నారు. లాగాను. చిరగలేదు. పళ్ళు బిగించి లాగాను. ఊహూఁ!

"ఏం తోలు మేడం ఇది?"

"తోలు గాదు. చీనీకాయల పిప్పి. జ్యూసు ఫ్యాక్టరీవాళ్ళు పారబోస్తాండేది."

ఆ బత్తాయి పిప్పిని ఉడికించి వడకట్టిన రసంలో ఒక జాతి బ్యాక్టీరియాను వదిలి, పళ్ళేల్లాంటి వెడల్పు తట్టల్లో పోసి కదపకుండా ఉంచాలి. అవి కంటికి ఆననంత సన్నని పోగులు నేసి, రసం మీద మీగడలా పరుస్తాయి. చెట్టు కొట్టకుండా పుట్టిన సెల్యులోజు! దాన్ని కడిగి, రుబ్బి, గడ్డి గుజ్జులో కొంచెం కలిపితే పీచుకూ పీచుకూ మధ్య సందులు కుట్టేస్తుంది. ఆమె చెబుతుంటే నేను కుర్చీలో నిలవలేకపోయాను.

మొదటి సీసాను ఆమె బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చారు. పక్కసీటు మనిషి "ఏందక్కా అది?" అని అడిగిందట.

"తోడు."

"పెరుగుకా?"

"కాగితానికి."

ఆ మనిషి ఆళ్ళగడ్డ దాకా కొంచెం ఎడంగా జరిగి కూర్చుందట. మాకు మాత్రం ఆ సీసా పేరు తోడుగానే నిలిచింది.

స్థలం అమ్మేదీ లేనిదీ చెప్పడానికి బేరగాడి దగ్గర నేను తీసుకున్న గడువు దగ్గరపడుతోంది. ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మేస్త్రి సుంకన్న భక్తితో ప్రతి తట్టలో చిటికెడు పసుపు వేశాడు. సీసాలో కూడా వేశాడు. ఒక్క తట్టలోనూ పొర పట్టలేదు. నేను భగ్గుమన్నాను. మేడం ముక్కాలిపీట మీద కూర్చుని నిదానంగా అడిగారు.

"సుంకన్నా, దెబ్బకు పసుపెందుకు పెడతాం?"

"చీము పట్టకుండా మేడం."

"చీము పట్టించేది పురుగులే గదా. మనం పెంచుతాండేదీ పురుగుల్నే. దేవుణ్ణి పిల్చి మన పిల్లల్నే చంపించినావు గదప్పా!"

ఏడవబోతున్న సుంకన్నతో సహా అందరం నవ్వాం. మరునాడే ఆమె నంద్యాల నుంచి కొత్త తోడు తెచ్చారు.

ఆ విడత కాగితం ఆరిన పూట మరువలేను. మడిచాం, విప్పాం, మళ్ళీ మడిచాం. విరగలేదు! మేడం దాన్ని వెలుతురుకు పట్టి మా ఇంటిపేరు పైకి చదివి, "ఇప్పుడు సరిపాయ" అన్నారు. బేరగాడికి గేటు దగ్గరే నమస్కరించి పంపేశాను.

మొన్న కార్ఖానాలో ఆమె పటం పెట్టాం. పనిచేసే ఆవిడ అలవాటుగా పసుపు తేబోతే సుంకన్న అడ్డుపడ్డాడు.

"పసుపు ఈడికి తేవద్దమ్మా. మేడం చూస్తాండాది."

నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. ముక్కాలిపీట ఖాళీగా ఉంది. సీసాలో తోడు బతికే ఉంది. ఎవరడిగినా పంచుతాం. అటువంటి మనిషిని మాత్రం ఏ తోడు వేసీ పెంచలేం.

ఈ సంస్మరణ సంచిక పుటలు మా కాగితమే. వెలుతురుకు పట్టి చూడండి. మా ఇంటిపేరు పక్కన, మా వంశంలో పుట్టని ఒక్కరి పేరు మొదటిసారి కనబడుతుంది.