బట్టీలో నడిమి చోటు

మొన్న మా మనవరాలు మలంచా బజారులో గాజుబిళ్ళ ఒకటి కొని మెడలో వేసుకొచ్చి, దీన్ని కరెంటు బట్టీలో కరిగించి చేస్తారని నాకు చెప్పబోయింది. నాకా చెప్పేది!

ఆవిరి ఇంజన్ల రోజుల్లో మా రైల్వే క్వార్టరు పెరట్లోనే బట్టీ ఉండేది. వర్కుషాపులో కొలిమి పని చేసే మా ఆయన పాత ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి కట్టాడు. పగిలిన గాజుల ముక్కలను సుద్ద పూసిన పెంకు మీద పేర్చి లోపల పెడితే, బొగ్గు సెగకు మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కుని, అంచులు నున్నబడి బిళ్ళలయ్యేవి. వాటినే మా వీధి ఆడవాళ్ళం ఏటా అమ్మవారి ఘటానికి అతికించేవాళ్ళం. ఎవరి బిళ్ళలు బాగుంటే ఘటం మొదట వాళ్ళ నెత్తికెత్తేవారు.

నా నెత్తికి ఎన్నడూ రాలేదు. పక్క క్వార్టరులో ఉండే మా తోడికోడలే, నేను అప్పా అని పిలిచే మనిషే, ఏటా ఎత్తుకునేది. ఎందుకెత్తదూ! సెగ సమంగా తగిలేది బట్టీ నడుమనే, ఆ చోటు మా ఆయన తన వదినకే ఇచ్చేవాడు. కట్టుకున్నదాని పెంకు మాత్రం మూలకు! నా కడుపు ఆ బొగ్గులకంటే ఎక్కువ మండేది.

ఒక ఏడు వంట మానేసి మొండికేస్తే, "ఎట్టుకోవే తల్లీ! నడుమెడితే మాణిక్యమైపోద్దేటి?" అని ఆ చోటు నాకు వదిలాడు. ఆయన చెత్తలోంచి ఏరి తెచ్చిన సిగ్నలు దీపపు ఎర్ర అద్దం ముక్క మీద ఆకుపచ్చ గాజులు పేర్చి పెట్టాను. అప్ప వచ్చి తొంగిచూసి, నవ్వుకుంటూ పోయింది. తీస్తే ఎంత అందమని! వీధంతా మూగి చూస్తుండగా, నా అరచేతిలోనే టిక్కుమని రెండుగా విడిపోయింది.

"దీపపద్దం, గాజులూ కలవవే సెల్లీ. సల్లారితే ఇడిపోతాయి," అంది అప్ప.

"తెలిసీ సెప్పనేదేటప్పా?"

"నువ్వడిగినావేటి?"

మా ఆయన ఆవిడతో కలిసి నవ్వాడు. బిళ్ళ పగిలినందుకు కాదు, నాకు ఆ నవ్వుకే మండింది. ఆ ఏడూ ఘటం ఆవిడదే.

ఇప్పుడు మీట నొక్కితే చాలట, బట్టీలో ఏ మూలైనా ఒకే సెగట. చోటు కోసం ఎవరూ ఎవరి మీదా ఏడవక్కర్లేదు. మా క్వార్టర్లూ పడగొట్టేశారు. మా ఆయన పోయి నా చేతులు బోసిపోయిన మరుసటి ఏడే అప్పా పోయింది, బావగారు బతికుండగానే, పసుపు కుంకాలతో, చేతినిండా గాజులతో. వీధంతా ఆవిడ అదృష్టం చెప్పుకుంది. ఆ వేళ అందరికంటే నేనే ఎందుకంత గట్టిగా ఏడ్చానో, నా ఈడు ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.