మూడో అంతస్తులో మోచేతి పోటు

దయ్యాలంటే నాకు భయమూ లేదు, గౌరవమూ లేదు. మా క్వార్టర్స్‌లో నీళ్ల ట్యాంకు దగ్గర తెల్లచీర తిరుగుతోందని ఒకసారి పుకారు లేస్తే, టార్చి పట్టుకెళ్లి అది గాలికి ఎగిరిపడ్డ దుప్పటి అని తేల్చినవాణ్ణి. పైగా దాన్ని మడతపెట్టి తెచ్చి సొంతదారుకి అప్పజెప్పాను కూడా. అంచేత ఇప్పుడు చెప్పేది చదివి నాకు పిచ్చెక్కిందనుకోకండి. దీంట్లో దయ్యం లేదు. ఇందులో ఉన్నవాళ్లంతా బతికే ఉన్నారు, నాకు అర్థం కానిదీ అదే.

మాది కాకినాడ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, ఢిల్లీలో ఆర్.కె. పురంలో క్వార్టర్. ఇంట్లో నేను, మా ఆవిడ పద్మ, కాలేజీలో చదివే మా అమ్మాయి సింధు. నాలుగోది నా గురక. దాని పేరు కూడా రేషన్ కార్డులో రాయించాలనేది పద్మ. గోడ అవతలి బెంగాలీవాళ్లు మేం అర్ధరాత్రి మిక్సీ వేస్తున్నామనుకున్నారట. సింధుకి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనే. "పాపా, యే తో జేసీబీ హై" అని తేల్చేసింది.

ఉట్టి గురకైతే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. అది మధ్యలో ఆగిపోయేది. వెల్లకిలా పడుకున్నానంటే చాలు, గొంతు మూసుకుపోయి ఊపిరి నిలిచిపోయేది. నాకేం తెలిసేది కాదు, పద్మకి తెలిసేది. లోకంలో ఆడవాళ్లంతా మొగుడు గురకపెడితే లేస్తారు, మా ఆవిడ గురక ఆగితే లేచేది. మోచేత్తో నా ఎడమ డొక్కలో ఒక్క పోటు పొడిచి "ఊఁ... తిరగండి" అనేది. నేను "అబ్బా, ఉండవే" అని ఒత్తిగిలేవాణ్ణి. గాలి ఆడేది. ఇద్దరం మళ్లీ నిద్రలోకి జారుకునేవాళ్లం. ఏళ్ల తరబడి మా కాపురం ఇలాగే సాగింది.

పగలు మాత్రం తూగు. ఆఫీసు మీటింగుల్లో తూగితే ఎవరూ పట్టించుకోరు, పక్కవాళ్లూ తూగుతుంటారు గనక. కానీ ఒక రోజు రింగ్ రోడ్డు మీద, ఎర్ర లైటు దగ్గర, ఆగిన స్కూటర్ మీదే నాకు కునుకు పట్టేసింది. వెనక హారన్ల మోతకి లేచాను. సింధు వెనక సీట్లో ఉంది. పిల్ల ముఖం పాలిపోయింది. ఆ సంగతి విన్నాక పద్మ వేళాకోళం మానేసి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

స్లీప్ ఆప్నియా అన్నారు. ముక్కుకి తగిలించుకునే మాస్కు మెషీన్ ఇచ్చారు. నిద్రలో నేనే పీకి అవతల పారేసేవాణ్ణి. పక్కకి తిరిగి పడుకుంటే చాలా నయం, బనియను వీపు మీద జేబు కుట్టించి అందులో టెన్నిస్ బంతి పెట్టుకోండి, వెల్లకిలా తిరగలేరు అన్నారు డాక్టరు. పద్మ ఆ రోజే కుట్టేసింది. ఇంట్లో టెన్నిస్ బంతి దొరక్క క్రికెట్ బంతి పెట్టింది. తెల్లారేసరికి నేను నడుం ఎత్తలేకపోయాను.

చివరికి ఆపరేషనే గతి అన్నారు. టాన్సిల్స్ తీసేసి, అంగిలి వెనక వేలాడే కండనీ కొండనాలుకనీ కత్తిరించి గాలికి దారి చేస్తారట. అందరికీ పనిచేస్తుందని చెప్పలేం, మీ గొంతుకి చేస్తుందనిపిస్తోంది అన్నారు. ఫోన్లో ఈ మాట వినగానే మా అత్తగారు "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు అయ్యేను నాయనా, ఆలోచించుకో" అన్నారు. నాలుక ఊడితే పద్మ సంతోషిస్తుందని సర్దిచెప్పాను.

పద్మ భయం వేరే. ఆపరేషన్ అయ్యాక వాపూ మత్తూ దిగేదాకా ఊపిరి విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలని డాక్టరు అన్నారు. ఆ గదిలోకి ఇంట్లోవాళ్లని రానివ్వరు. "మరి వెల్లకిలా తిరిగితే ఎవరు పొడుస్తారండీ?" అని అడిగింది డాక్టర్ని, తన హిందీలో. ఆయన పగలబడి నవ్వి "మెషీన్ హై నా, మేడమ్" అన్నారు. పద్మ నవ్వలేదు.

ఆపరేషన్ గురుగ్రామ్‌లో ఒక ఆస్పత్రిలో, పొద్దున్నే. ముందు రాత్రంతా పద్మ కన్ను మూయలేదు. ట్రాలీ పట్టుకుని లిఫ్ట్ దాకా వచ్చింది. "పక్కకి తిరిగే పడుకోండి. నేనుండను" అంది. "ఈ ఒక్కరోజు నీకు సెలవు" అన్నాను. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజం చెప్పొద్దూ, నాకూ దిగులేసింది. ఈవిడ పక్కన లేకుండా నిద్రపోవడం నాకు అలవాటు లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో అంతస్తులో, తెలివొచ్చేదాకా ఉంచే వార్డులో పడుకోబెట్టారు. తలవైపు మంచం ఎత్తిపెట్టారు, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టారు. మత్తులోనే ఉన్నాను. ఎప్పుడో తెలీదు, గాలి ఆగిపోయింది. నోరు తెరిచినా రావట్లేదు. చెయ్యి కదలట్లేదు. అయిపోయాన్రా అనుకున్నాను, ఆ మాట మాత్రం స్పష్టంగా గుర్తుంది.

అప్పుడు ఎడమ డొక్కలో ఒక్క పోటు పడింది. "ఊఁ... తిరగండి."

భయం వెయ్యలేదు సరికదా, ఇంట్లోలాగే విసుగొచ్చింది. "అబ్బా, ఉండవే" అని కుడివైపు ఒత్తిగిలాను. గాలి ఆడింది. హాయిగా నిద్రపోయాను.

పూర్తిగా తెలివొచ్చాక మలయాళీ నర్సు "బోలనా మనా హై, అంకుల్" అని, మాట్లాడొద్దని మందలించింది. గొంతు కుట్లతో ఉండగా ఏదో గొణిగానట. పక్క మంచం మీదికి కొత్త పేషెంటుని తెచ్చిన హడావిడిలో అందరూ అటు ఉన్నారట. ఆ సద్దులో మెషీన్ మోత ఎవరికీ వినబడలేదు గానీ, నా గొణుగుడు విని తిరిగి చూసేసరికి క్లిప్పు ఊడి కింద పడుంది, తలగడ మీంచి నేను కిందికి జారిపోయి ఉన్నాను, కానీ పక్కకి తిరిగి బ్రహ్మాండంగా ఊపిరి తీస్తున్నాను. "మీ అంతట మీరే తిరిగారు, మంచిపని చేశారు" అంది. ఎవరైనా వచ్చారా అని సైగ చేసి అడిగాను. ఎవర్నీ రానివ్వలేదంది.

ఇంతవరకైతే మత్తు, అలవాటు అని నేనే కొట్టిపారేసేవాణ్ణి.

మర్నాడు మమ్మల్ని గదుల్లోకి మార్చాక ఒక పంజాబీ ఆంటీ పద్మని వెతుక్కుంటూ వచ్చింది. ముందురోజు కింద హాల్లో వీళ్లిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. సింధు మందులకి వెళ్లింది. నిద్రలేని పద్మ కూర్చున్న కుర్చీలోనే ఒరిగిపోయిందట. ఉన్నట్టుండి మోచేత్తో ఆంటీ డొక్కలో పొడిచి గట్టిగా ఏదో అందట. "భాయీ సాబ్, అది మోచెయ్యి కాదు, గడ్డపార" అంది ఆంటీ పడీ పడీ నవ్వుతూ. "సరిగ్గా అప్పుడే మైకులో నా పేరు పిలిచారు, మీ ఆయన్ని ఆపరేషన్ గదిలోంచి వార్డులోకి తెచ్చాం అని. లేద్దామంటే మళ్లీ పొడిచి ఏదో అంటోంది, తిర్గండీ, తిర్గండీ అని. ఏమిటండీ దాని అర్థం?"

ఆ పక్క మంచం మీదికి తెచ్చింది వాళ్లాయన్నే.

నేను చొక్కా ఎత్తి చూసుకున్నాను. ఎడమ డొక్క మీద రూపాయి బిళ్లంత నీలం మచ్చ. డాక్టర్ని అడిగితే ట్రాలీ కమ్మీ తగిలుంటుందన్నారు. అయ్యుండొచ్చు. ఆంటీ పేరు పిలవడం కాకతాళీయం, నేను విన్నది మత్తు, పద్మది అలవాటు. ఒక్కోదానికీ నా దగ్గర జవాబుంది. అన్నీ ఒకేచోట పెట్టి చూస్తే మాత్రం నా టార్చి వెలుగు చాలట్లేదు.

ఇప్పుడు ఊపిరి ఆగడం లేదు. గురక పిల్లికూతంత మిగిలింది. ఐస్‌క్రీమ్ నుంచి పెరుగన్నానికి వచ్చాక ఒక మధ్యాహ్నం పద్మని అడిగాను, ఆ కుర్చీలో నీకేం కలొచ్చిందీ అని.

చిక్కుళ్లు వలుస్తూనే చెప్పింది. "కలేం రాలేదండీ. పక్కన ఉన్నది మీరే అనుకున్నాను."

"నేనూ నువ్వే అనుకున్నాను" అన్నాను.