స్టేషన్ పెరట్లో తెగిన గెల

మా ఇంట్లో దయ్యాల మాటెత్తితే భోజనం ముందు నుంచి లేపేసేవారు. ఆస్తి పోయినా ఆ పట్టుదల నాకు మిగిలింది. నన్ను పిరికివాడంటే ఒప్పుకోను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఉప్పలగుప్తం దగ్గర ఒకప్పుడు మాకు పెద్ద కొబ్బరితోట. ఇప్పుడు పదకొండు చెట్లు. వాటికి కాయలు దింపేది సూరిబాబు.

రొయ్యల చెరువు మీద మోటారు పోయిందని పోలీసులు అతన్ని తీసుకెళ్లి రెండు రోజులు ఉంచారు. మోటారు చివరికి చెరువు యజమాని బావమరిది షెడ్డులోనే దొరికింది. వదిలేసిన రోజు సూరిబాబును ఆటోలోకి ఎత్తింది నేనే. అరికాళ్లు వాచి నల్లబడి ఉన్నాయి. అమలాపురం ఆసుపత్రిలో ఎముకలు విరిగాయన్నారు.

నేను ఫిర్యాదు రాసిచ్చాను. ఎస్సై మీద నష్టపరిహారం దావా కూడా వేయించాను. చెట్టు మీంచి పడ్డాడని ఎస్సై వాదన.

విచారణకు పై అధికారి స్టేషన్‌కే వచ్చాడు. పగలు పదకొండు గంటలకు నన్ను లోపలికి పిలిచారు.

"జమీందారుగారొచ్చేరు, సింహాసనం వెయ్యండ్రా," అన్నాడు ఎస్సై. కానిస్టేబుళ్లు నవ్వారు. కుర్చీ మాత్రం రాలేదు.

నిలబడే చెప్పాను. అధికారి బజ్జీలు తింటూ సూరిబాబు కాళ్ల ఫొటోలు తిరగేశాడు. ఒక ఫొటో మీద చట్నీ పడితే బొటనవేలితో తుడిచి, ఆ వేలు నాకాడు.

అప్పుడే పెరట్లో దబ్బుమని చప్పుడు. అందరం వెళ్లాం.

బావి పక్క చెట్టు కింద కొబ్బరి గెల పడి ఉంది. చెట్టు మీద ఎవరూ లేరు. గోడ మీద ముళ్లతీగ, వెనక గేటుకి తాళం. పైగా సూరిబాబును కొట్టినప్పటి నుంచి దింపు కార్మికులెవరూ ఆ స్టేషన్ చెట్లు ఎక్కడం లేదు.

గెల ఊడిపడలేదు. కాడ కత్తికి తెగింది, తడి ఇంకా ఆరలేదు. వంగి చూశాను. ఎడమచేతివాటం కోత, ఒకే వేటు. పాతికేళ్లుగా నా చెట్ల కింద చూస్తున్నదే.

"ఇది సూరిబాబు కోత," అనేశాను. తోటల సంగతి నాకు తెలుసునని చూపించుకునే గర్వం కూడా అందులో ఉంది.

ఎస్సై ముఖం వెలిగిపోయింది. "విన్నారాండీ? బాబుగారే చెప్తున్నారు. కాళ్లు పోయినోడు చెట్టెలాగెక్కేడండీ?"

అధికారి అక్కడికక్కడే రాసుకున్నాడు. సూరిబాబు కాళ్లు బాగానే ఉన్నాయని అతని సాక్షే ఒప్పుకున్నాడట. సూరిబాబు మీద కాయల దొంగతనం కేసు కూడా పెట్టారు. కాయలు అధికారి జీపులోకి ఎక్కాయి.

తిన్నగా ఆసుపత్రికి వెళ్లాను. సూరిబాబు రెండు కాళ్లకూ పిండికట్లతో పడుకుని ఉన్నాడు. పదకొండింటికి డాక్టరు చూసినట్టు కేస్‌షీట్‌లో ఉంది. జరిగింది చెప్పాను.

"ఏ చెట్టండీ?" అన్నాడు.

"బావి పక్కది."

"దానికింకా లేత గెలలేనండి. నేనైతే కొయ్యనండి."

అతని భార్య మంగ నా వైపే చూసింది. "మీరెందుకు చెప్పేరండీ?"

కేస్‌షీట్ నకలు పట్టుకెళ్లి అధికారికి చూపిస్తే రిపోర్టు పైకి వెళ్లిపోయిందన్నాడు. ఫిర్యాదు కొట్టేశారు. ఇక మిగిలింది దావా ఒక్కటే.

సాక్ష్యం రోజున మా వకీలు బతిమాలాడు. "కోతలన్నీ ఒక్కలాగే ఉంటాయి, పొరబడ్డానని ఒక్క ముక్క చెప్పండి బాబుగారూ."

చెప్పలేదు. ఆ కోత సూరిబాబుదేనని, ఆ సమయానికి అతను మంచం మీదే ఉన్నాడని, రెండూ చెప్పాను.

ఎస్సై వకీలు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే దయ్యం కోసిందాండీ?"

కోర్టంతా నవ్వింది. ముందు వరసలో ఎస్సై కూడా.

"తెలియదండి," అన్నాను. పదిమందిలో ఆ మాట అనడం మా ఇంటావంటా లేదు.

జడ్జిగారు మాత్రం నవ్వలేదు. కేస్‌షీట్ అడిగారు. మంగ లేచి, చీర కొంగులో దాచుకున్న కాగితం తీసి ఇచ్చింది.

దావా ఇంకా నడుస్తోంది. ఆ గెల ఎవరు కోశారని అడిగితే, ఈ రోజుకీ నా దగ్గర ఆ 'తెలియదు' ఒక్కటే ఉంది.